బ్యాటరీ దగ్గర 14, ఫ్రిజ్ దగ్గర 11

మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో కాపురం ఎత్తేసి రాజమండ్రి వచ్చేస్తూ, ఓడలో వేయించిన సామాన్లలోంచి నాకొక కారు ఫ్రిజ్ ఇచ్చాడు. పాతకాలం ట్రంకుపెట్టెలా ఉంటుంది. మూత పైకి తెరుచుకుంటుంది, లోపల 40 లీటర్ల చోటు. "అక్కా, బావగారి ఇన్సులిన్‌కి ఇంతకు మించింది లేదు. అక్కడ ఎడారిలో వారం తిరిగాం, పాలు విరగలేదు" అన్నాడు. వాడి మాట అబద్ధం కాదు. కానీ ఆ ఫ్రిజ్ వైరు చివర అగ్గిపెట్టెకి అన్నలాంటి బూడిదరంగు ప్లగ్గొకటి ఉంది. దాన్ని గుచ్చే చోటు మా కారులో లేదు, మా ఇంట్లో లేదు, మా వీధి మొత్తంలో లేదు. దానితోపాటు వచ్చిన రెండో వైరు గోడ కరెంటుకి. ఆ ప్లగ్గు ఏడుపు మొహంలా ఉంది: పైన వాలుగా రెండు బద్దలు, కింద నిలువుగా ఒకటి.

నేను ఇంటర్ పిల్లలకి ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఓమ్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వైరు మార్చడం అరగంట పని అనుకున్నాను. మే నెలలో మొదలుపెడితే ఆగస్టుకి తేలింది.

గోడ కరెంటు సంగతి మాత్రం నిజంగానే అరగంటలో తేలిపోయింది. ఆస్ట్రేలియాలోనూ మన దగ్గరా 230 వోల్టులే, 50 హెర్ట్జులే. తేడా అంతా పిన్నుల ఆకారంలో. చాలామంది చేసేది కన్వర్టర్ పిన్ను ఒకటి కొని తగిలించడం. చవకరకం పిన్నుల్లో ఎర్తు కలవదు, పట్టు కూడా వదులే. అసలు ఆ అవసరమే లేదు. మా ఫ్రిజ్ అడాప్టరు ఇటుక అంత ఉంటుంది. దాన్ని తిరగేస్తే, డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనక ఉండే మూడు పిన్నుల గుంటే దానికీ ఉంది. అటకమీద పాత కంప్యూటర్ తాలూకు వైరు దొరికింది. దులిపి పెట్టాను, పనైపోయింది.

అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. అక్కడ గోడలో వచ్చేది 120 వోల్టులు. అడాప్టరు మీద ఇన్‌పుట్ అన్న వరస చదవండి. 100 నుంచి 240 అని ఉంటే వైరు మార్చి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఒట్టి 120 అని ఉంటే మన గోడకి పెట్టిన మరుక్షణం పొగ చూస్తారు. అప్పుడు అడాప్టరునే మార్చి, 12 వోల్టుల డీసీ ఇచ్చేది, ఫ్రిజ్ అడిగినన్ని ఆంపియర్లు ఇవ్వగలిగేది ఇక్కడ కొనుక్కోవాలి. కారులో మాత్రం ఏ దేశమైనా ఆ 12 వోల్టులే.

ఇక కారు దగ్గరికొద్దాం. నేను తప్పు చేసింది అక్కడే.

మే రెండో వారం. హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరికి ప్రయాణం. మాది చిన్న పెట్రోలు కారు. ముందు సీట్ల మధ్య సిగరెట్ లైటర్ గుంట ఒక్కటే ఉంది, ఫ్రిజ్ పెట్టేదేమో డిక్కీలో. బజారుకెళ్ళి లైటర్ ప్లగ్గు ఒకటి కొన్నాను, ఎలక్ట్రికల్ షాపులో నాలుగు మీటర్ల సన్నటి జంట వైరు కొన్నాను. టేబుల్ ఫ్యాన్‌కి వేసే రకం అది, 0.75 చదరపు మిల్లీమీటర్లది. తమ్ముడు చూడకుండా ఆ బూడిదరంగు ప్లగ్గుని కత్తిరించేశాను. తీగలు మెలిపెట్టి, టేపు చుట్టి, లైటర్ ప్లగ్గుతో కలిపాను. ఫ్రిజ్‌లో దీపం వెలిగింది, కంప్రెసర్ సన్నగా మూలిగింది. మావారి వైపు ఎంత గర్వంగా చూశానో.

తాడేపల్లిగూడెం దాకా బాగానే నడిచింది. ఏలూరు దగ్గర టీకి ఆగాం. పది నిమిషాల్లో వచ్చి చూస్తే తెరమీద ఎర్రగా ఏదో మెరుస్తోంది. తమ్ముడికి ఫోన్ చేశాను. "బ్యాటరీ అయిపోయిందంటోంది అక్కా" అన్నాడు. కారు స్టార్ట్ చేస్తే కిక్కుమని లేచింది. బ్యాటరీ అయిపోయిన కారు అలా లేస్తుందా? బయల్దేరితే ఫ్రిజ్ మళ్ళీ పనిచేసింది. నందిగామ దాటాక ఇంజను నడుస్తుండగానే ఆగింది, కాసేపటికి తిరిగింది, మళ్ళీ ఆగింది. సూర్యాపేటలో భోజనానికి దిగినప్పుడు ప్లగ్గు తీద్దామని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ప్లగ్గు కొన మెత్తబడి గుంటలో అతుక్కుపోయింది. ఫ్రిజ్ లోపల 17 డిగ్రీలు. పెరుగు పులిసిపోయింది. ఇన్సులిన్ సీసాలకి ప్రమాదం తప్పింది గానీ అది నా గొప్ప కాదు, ఆ పెట్టె గోడల మందం.

దారిలోనే ఒక షాపులో చూపించాం. ఆయన టెస్ట్ ల్యాంపు పెట్టాడు, వెలిగింది. మీటరు పెట్టాడు, పన్నెండున్నర చూపించింది. "కరెంటు ఫుల్లుగా వస్తోందమ్మా, మీ ఫ్రిజ్జే పోయింది" అన్నాడు. ఆయన్నని లాభం లేదు. మీటరు అబద్ధం చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. ఫ్రిజ్ ఆగిపోయి ఉన్నప్పుడు కొలిచాడు, అంతే. పని చెయ్యనప్పుడు ఏ వైరైనా మంచి వైరే.

ఇంటికొచ్చాక నా దగ్గరున్న పాత మల్టీమీటరు తీశాను. ఇంజను నడుస్తోంది, ఫ్రిజ్ కూడా నడుస్తోంది. బ్యాటరీ మీద పెడితే 14.1. ఫ్రిజ్ దగ్గర నేను మెలిపెట్టిన అతుకు అవతల పెడితే 11.4. మధ్యలో 2.7 వోల్టులు మాయం! బిందెలో నీళ్ళు పోస్తే సగం దారిలో కారిపోయినట్టే. చిల్లు ఎక్కడుందో వెతకాలి. అంచెలంచెలుగా కొలుచుకుంటూ పోయాను. లైటర్ గుంట లోపల 13.6 ఉంది. అంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే కారు వైరింగు, ఫ్యూజు కలిసి అర వోల్టు తిన్నాయి. ప్లగ్గు మరలు విప్పి దాని వెనక చూస్తే 12.5. ప్లగ్గు ఒక్కటే 1.1 మింగింది. నా సన్న వైరు 0.8, నా టేపు అతుకులు 0.3. లెక్క సరిపోయింది.

ఫ్రిజ్ అప్పుడు తీసుకుంటున్నది 4.5 ఆంపియర్లు. ప్లగ్గులో పోయిన 1.1 వోల్టుని దాంతో గుణిస్తే ఐదు వాట్లు. పడగ్గదిలో వేసుకునే పాతరకం జీరో బల్బు పేరుకే జీరో, పన్నెండో పదిహేనో వాట్లు తాగుతుంది. అందులో మూడో వంతు వేడి బొటనవేలంత ప్లాస్టిక్కులో గంటల తరబడి నిలబడితే ఏమవుతుందో సూర్యాపేటలో నా వేలికి తెలిసింది.

అసలు ఆ గుంట పుట్టింది సిగరెట్ ముట్టించడానికి. లోపలి తీగచుట్ట నిప్పులా ఎర్రబడగానే లైటరు టక్కున పైకి వస్తుంది, అంటే కొన్ని సెకన్ల పని. నిప్పు కోసం చేసిన గుంటలో మనం చల్లదనం కోసం పెడుతున్నాం. ప్లగ్గు కొనలోని స్ప్రింగు ఎప్పుడూ దాన్ని బయటికే నెడుతూ ఉంటుంది. పక్కనున్న రెండు రేకులు మాత్రమే పట్టుకుని ఉంచాలి. గతుకుల రోడ్డు మీద అది కదులుతుంది, కదిలితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే వేడెక్కుతుంది, వేడెక్కితే స్ప్రింగు ఇంకా చచ్చుబడుతుంది. ఫోన్ ఛార్జింగుకి చాలు. రోజంతా నడిచే ఫ్రిజ్‌కి ఒప్పుకోను.

ఇంకో చిక్కుంది. మామూలు బల్బుకి వోల్టేజీ తగ్గితే మసకగా వెలిగి ఊరుకుంటుంది. ఈ ఫ్రిజ్ అలా కాదు. దానికి కావలసిన 50 వాట్లూ కావాలి, వోల్టులు తగ్గితే ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. ఆంపియర్లు పెరిగితే వైరులో నష్టం ఇంకా పెరుగుతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఆ లాగుడు మరీ ఎక్కువ. కారు బ్యాటరీని కాపాడ్డానికి ఫ్రిజ్‌లో ఒక కాపలా ఉంటుంది, వోల్టులు ఫలానా మెట్టు కిందికి దిగితే ఆపేస్తుంది. మాది 11 దగ్గర ఆగేలా పెట్టి ఉంది. ఇంజను ఆగితే బ్యాటరీ 14 నుంచి పన్నెండున్నరకి దిగుతుంది, దారిలో రెండున్నర పైన పోతోంది, ఫ్రిజ్‌కి చేరేది పదికి లోపు. బ్యాటరీ నిండుగా ఉన్నా "బ్యాటరీ లేదు" అని ఆగిపోయింది. ఆగగానే నష్టం లేదు కనుక మళ్ళీ పన్నెండున్నర కనిపిస్తుంది. ఆ షాపతను చూసింది ఆ అంకె.

అప్పుడు సిగ్గు విడిచి తమ్ముడికి ప్లగ్గు కత్తిరించిన సంగతి చెప్పాను. "అయ్యో అక్కా, ఆండర్సన్ ప్లగ్గుని కోశావా!" అన్నాడు, ఇంట్లో పిల్లిని కొట్టినట్టు. అక్కడ క్యాంపులకి తిరిగేవాళ్ళు ఫ్రిజ్ కొనగానే లైటర్ ప్లగ్గు పీకేసి దీన్ని వేయించుకుంటారట. 50 ఆంపియర్ల రకం. ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీలకి ఉండేది ఈ జాతిదే.

మా ఊళ్ళో బ్యాటరీ ఆటోలు బాగుచేసే షాపులో దొరికింది. నేను అలవాటుకొద్దీ "ఒక మేల్, ఒక ఫీమేల్ ఇవ్వు బాబూ" అన్నాను. కుర్రాడు నవ్వాడు. "దీంట్లో ఆడా మగా లేదండి. రెండూ ఒకటేనండి." నిజమే, ఒకే అచ్చులో పోసిన రెండు ముక్కలు. ఒకదాన్ని తిరగేసి రెండోదానికి ఎదురుగా నెడితే టక్కుమని కూర్చుంటాయి. దగ్గర పెట్టి చూశాను. లోపల నాలుకలా వంగిన వెండిపూత రాగి పలక, దాని కింద ఉక్కు స్ప్రింగు రేకు. రెండు నాలుకలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ ఎక్కి, స్ప్రింగు బలంతో నొక్కుకుని నిలబడతాయి. పెట్టి తీసిన ప్రతిసారీ ఆ రాపిడికి మురికి పోతుంది. లైటర్ ప్లగ్గులో బయటికి నెట్టే స్ప్రింగే ఇక్కడ లోపల పట్టి ఉంచుతోంది. ప్లస్సు, మైనస్సు గుర్తులు ప్లాస్టిక్కు మీదే పోసి ఉంటాయి, తిరగేసి పెడదామన్నా కూర్చోదు. రెండువైపులా వైర్లు ఆ గుర్తుల ప్రకారం ఉంటేనే సుమా. ఎవరో బిగించిన ప్లగ్గుకి మన ఫ్రిజ్ తగిలించే ముందు మీటరుతో ఒకసారి చూసుకోవడం మేలు. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే, అదృష్టముంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ఫ్రిజ్ బోర్డే పోతుంది.

ఇంకొన్ని చిన్న ఫ్రిజ్‌లకి ల్యాప్‌టాప్ ఛార్జరులాంటి గుండ్రటి పిన్ను ఉంటుంది. అక్కడ మోసం ఏమిటంటే, బయటి కొలత రెండింటికీ 5.5 మిల్లీమీటర్లే, లోపలి బెజ్జం ఒకదానికి 2.1, ఇంకోదానికి 2.5. పెద్ద బెజ్జం ప్లగ్గు సన్న పిన్ను మీద హాయిగా దిగుతుంది, దీపం వెలుగుతుంది, కంప్రెసర్ లాగగానే ఆగుతుంది. పాత ప్లగ్గు పట్టుకెళ్ళి పక్కన పెట్టి పోల్చుకుని కొనాలి.

వైరు వేయించడానికి మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. నాకు పాఠం వచ్చు, అతనికి పని వచ్చు. ఇద్దరికీ పొద్దున్నుంచీ వాదనే. నేను 4 చదరపు మిల్లీమీటర్ల వైరు అన్నాను. "ఏసీకి ఏసే వైరు కదండీ మేడంగారూ, ఈ పెట్టెకెందుకండీ? పాత లెక్కలో సెవెన్ ట్వెంటీ అంటారండి దాన్ని. ఒకటిన్నర చాలండి" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగున్నర మీటర్లు, కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కనుక తొమ్మిది. నాలుగు ఆంపియర్లకి ఒకటిన్నర వైరులో పోయేది 0.4 వోల్టు, నాలుగు వైరులో 0.15. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అదే రెండు మూడింతలు. ఆ కాస్త తేడాకి ఇంత గొడవా అంటే, పన్నెండులో ఒకటి పోవడం వేరు, ఇంట్లో 230లో ఒకటి పోవడం వేరు. కారు కరెంటు పేదింటి బడ్జెట్టులాంటిది, రూపాయి జారినా తెలుస్తుంది.

ఆ మాట మీద ఒప్పుకున్నాడు. అయితే ఆ తర్వాత నేనే ఓడిపోయాను, రెండుసార్లు. టేపు అతుకులు వద్దు, సోల్డరింగు చేయమన్నాను. "ఇల్లు కదలదండి, కారు కదుల్తాదండి" అన్నాడు. సీసం పాకిన చోట తీగ కడ్డీలా బిరుసెక్కుతుంది, అది ఆగిన అంచు దగ్గర అదురుకి పుటుక్కుమంటుంది. అందుకని ప్లగ్గు నాలుకల్లో తీగలు దూర్చి, పెద్ద క్రింపింగ్ టూలుతో నొక్కి, లాగి చూశాడు. నేనూ లాగాను, రాలేదు. బ్యాటరీ వైపు రింగు థింబుళ్ళు అలాగే నొక్కి, మీద స్లీవు వేడిచేసి ముడిచాడు. రెండోది, ఇంజను గదిలోంచి కారులోకి వైరు వచ్చే రేకు బెజ్జం. నేను దాన్ని పట్టించుకోలేదు. అతను అక్కడ రబ్బరు బుష్ వేసి, వైరుకి పైన ముడతల గొట్టం తొడిగాడు. "ఈ రేకు అంచు కత్తండి. ఆర్నెల్లు కోసుకుంటా కూర్చుంటాదండి. ఆ తర్వాత ఒకరోజు కారు తగలబడతాదండి."

అందుకే ఫ్యూజు. అది ఫ్రిజ్‌ని కాపాడ్డానికి అనుకుంటారు చాలామంది. కాదు, వైరుని కాపాడ్డానికి. కారు బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు కక్కుతుంది, వైరు కుంపటి అవుతుంది. కనుక ఫ్యూజు డిక్కీలో పెడితే ఉపయోగం లేదు, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపల ఉండాలి. మేం నీలంరంగుది వేశాం, అంటే 15 ఆంపియర్లు. ఎరుపు 10, పసుపు 20. పోయినప్పుడల్లా చేతికందిన పెద్దది పెట్టే అలవాటు మన షాపుల్లో ఉంది. అది కాపలావాడిని పంపేసి తలుపు తీసి పడుకోవడమే. పని మొదలుపెట్టే ముందు మైనస్ టెర్మినల్ విప్పాడు, అది కూడా గమనించాను. ప్లస్ ముందు విప్పితే పానా కారు బాడీకి తగిలి మెరుపు మెరుస్తుంది.

మైనస్ వైరు డిక్కీలోనే బాడీకి బోల్టు వేసేద్దాం, సగం వైరు కలిసొస్తుంది అన్నాడు. తప్పు కాదు, కారులో దీపాలన్నీ అలా బాడీ ఎర్తుతోనే వెలుగుతాయి. కానీ మాది గోదావరి గాలి, బోల్టు తుప్పు పట్టడానికి రెండు వానాకాలాలు చాలు. నేను పట్టుబట్టి రెండు వైర్లూ ముందు నుంచే లాగించాను. ఈమధ్య కార్లలో మైనస్ టెర్మినల్ మీదే చిన్న సెన్సరు ఉంటోంది. అలాంటివాటికి మన వైరు ఆ టెర్మినల్‌కి బిగించకూడదు, దాని అవతల బాడీకి కలిసే చోట బిగించాలి. లేకపోతే బ్యాటరీలోంచి ఎంత పోతోందో కారుకి లెక్క తెలీదు. వారంటీలో ఉన్న కొత్త బండికైతే సర్వీసు సెంటరులో అడగకుండా వైరు ముట్టుకోకండి.

అంతా అయ్యాక ఇంజను ఆపి, ఫ్రిజ్ నడిపి కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.5, డిక్కీలో 12.3. ఎలక్ట్రీషియన్ మీటరు రెండుసార్లు అటూ ఇటూ పెట్టి చూసి, "ఆయ్, బాగుందండి" అన్నాడు. అంతకు మించి పొగడ్త అతని నోట రాదట.

ఇప్పుడు కొత్త జాగ్రత్త ఒకటి వచ్చిపడింది. లైటర్ గుంట మా కారులో తాళం తీస్తే ఆరిపోతుందనుకునేదాన్ని, అలా ఆరదు. ఈ వైరు సంగతి సరేసరి, ఎప్పుడూ బతికే ఉంటుంది. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. అందులో మూడో వంతుకి మించి ఫ్రిజ్‌కి ఇవ్వను. రాత్రిపూట చల్లగా ఉంటే కంప్రెసర్ సగంసేపే తిరుగుతుంది, ఆరు గంటలు వస్తుంది. మే నెలలో ఎండలో మూసిన కారులో ఆగకుండా తిరుగుతుంది, మూడు గంటలు రావడమూ కష్టమే. అందుకే కాపలా మీట హై మీదే ఉంచుతాను. దాన్ని లో మీద పెడితే ఫ్రిజ్ ఇంకాసేపు నడుస్తుంది, పొద్దున కారు నడవదు. అమ్మాయి ఇంటికి చేరగానే ప్లగ్గు పీకి, ఫ్రిజ్‌ని పైకి మోయించి, గోడకి పెట్టేస్తాను.

మా ఎదురింటి లారీ ఓనరుగారు ఇదంతా చూసి తనకీ కావాలన్నారు. లారీలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు. "ఒక బ్యాటరీ నుంచి లాగేస్తే పన్నెండు వస్తుంది కదమ్మా" అన్నారు. వస్తుంది. ఆ ఒక్కటే రోజూ ఖాళీ అవుతుంటే జంట ఎడ్లలో ఒకదానికే గడ్డి మానేసినట్టు, కొన్నాళ్ళకి రెండూ పోతాయి. ఆయన కొనబోయే ఫ్రిజ్ పెట్టె మీద 12/24 అని ఉందేమో చూడమన్నాను. కంప్రెసర్ రకాలు చాలావాటికి ఉంటుంది, రెండింటికీ తనే సర్దుకుంటుంది.

కంప్రెసర్ రకం అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చవకగా దొరికే చల్లపెట్టెలు వేరే జాతి. ఫ్యానూ, ఒకవైపు చల్లబడి ఇంకోవైపు వేడెక్కే పలకా తప్ప లోపల కంప్రెసరూ గ్యాసూ ఉండవు. బయటి వేడి కంటే 15, 20 డిగ్రీలు తగ్గించగలవు, అంతే. బయట 43 ఉంటే లోపల 23. మజ్జిగకి బాగుంటుంది. తెరవని ఇన్సులిన్‌కి కావలసింది 2 నుంచి 8. దానికి గడ్డకట్టినా ప్రమాదమే, అందుకని నేను 5 దగ్గర పెట్టి, సీసాల్ని లోపలి గోడకి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, పక్కన పది సెంటీమీటర్ల థర్మామీటరు పెడతాను. తెర మీద అంకెని ఒక్కదాన్నే నమ్మే ఓపిక నాకు పోయింది.

ఆగస్టులో మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పులస పడింది. ధర చెప్పను, మావారు ఇది చదువుతారు. పులుసు ముందు రోజే పెట్టి, స్టీలు క్యారియరులో మూత బిగించి, దాని మీద రెండు గుడ్డలు కట్టి ఫ్రిజ్‌లో దించాను. "నా ఇన్సులిన్ పక్కన చేపా?" అన్నారాయన. "డబ్బా వేరుగా ఉంది లెండి" అన్నాను.

ఏలూరులో టీకి ఆగినప్పుడు నేను దిగలేదు. డిక్కీ తెరిచి, మీటరు తీసి, ఫ్రిజ్ తిరుగుతుండగా పెట్టాను. 12.2. ఆయన గ్లాసు పట్టుకొచ్చి నా చేతికిచ్చి, "టీ చల్లారిపోతోంది" అన్నారు.